సోడా మిషను

సోడా సీసా పేలి ఒక కన్ను పోయినప్పటి నుంచి పోశం గ్యాసు పట్టే మిషను ముట్టలేదు. గోదావరిఖనిలో గని గేటు ముందరి తమ చిన్న సోడా కొట్టులో భార్యే దాన్ని తిప్పుతోంది.

"ఆగినవేందే? షిఫ్టు ఇడిసే యాళ్లయింది."

"నా రెక్క లేస్తలేదయ్యా. తిప్పకుంటే గ్యాసు నీళ్లల్ల కలువదాయె."

"జరుగు, నేను తిప్పుత."

"భయమైతలేదా?"

"అయితాంది. గోలీ మూతికెక్కిన చప్పుడింటెనే గుండె దడదడ అంటది. నువ్వు బయటికి పో."

"పోను. ఇన్నొద్దులు నేను తిప్పుతుంటే నువ్వే బయట నిలబడ్డవ్. ఒక్కనాడన్న ఏమన్నన్నా?"

పోశం భుజమ్మీది తువ్వాల మడతపెట్టి ఆమె కళ్లకు అడ్డంగా కట్టాడు.

"మరి నీకో?"

"నేను సూసుకుంట తిప్పాలె గదా," అని పోశం పిడి పట్టుకున్నాడు.