మెడ వెనక ఖాళీ జాగ

శంషాబాద్ బస్టాండ్ దాటినంక, బెంగుళూరు రోడ్డు మీద ఒక టాటూ దుకాణం. ఆదివారం మధ్యాహ్నం.

"ఈ చేయి మీద ఇగ జాగ లేదన్నా. ఆ చేయి చూపెట్టు."

"ఆ చేయి కూడ నిండింది చెల్లె. ఛాతి నిండింది, వీపు నిండింది. ఎలక్షన్లప్పుడు గోడ లెక్క అయింది నా ఒళ్లు."

"అబ్బ! ఈ పాము ఎవరేసిన్రు? పొలుసు పొలుసుకు నీడ కొట్టిన్రు. ఇది మన దిక్కు పని గాదు."

"బొంబాయి. గుర్తువట్టినవ్! ఈ మొసలి చూడు. ఎట్లుంది?"

"చెప్తే కోపం రావొద్దు."

"చెప్పు."

"కన్ను కరాబైంది. సూది లోపలికి దిగింది, రంగు పారింది."

"షెబాష్! అందుకే నీ దగ్గరికొచ్చిన సంతోషి. ఏర్‌పోర్ట్ టాక్సీ స్టాండ్ల కుర్మయ్య లేడా? ఆయన మెడ వెనక నువ్వేసిన పులి మొఖం చూసిన. టోల్ గేటు కాడ కారు దిగి మరీ అడిగిన, ఎవరేసిన్రని."

"కుర్మయ్యన్న పులా? అంత లావు మనిషి, అది ఏస్తుంటే చిన్న పిల్లగాని లెక్క ఏడ్చిండన్నా."

"ఏడ్చిండా? నాకు నిద్రపోయిన అని చెప్పిండు!"

"అందరు గట్లనే చెప్తరు. ఈ కుర్చీల ఏడ్వనోడు లేడు. పహిల్వాన్లు కూడ అమ్మా అన్నోళ్లే."

"నేను ఏడ్వను. నాకు అదే పులి కావాలె. అదే జాగల. నా ఒంటి మీద ఖాళీ ఉన్నది ఇగ మెడ వెనక ఒక్కటే."

"ఏస్త. జర తల వంచు, వెంట్రుకలు గొరగాలె. ఇంతకు నీ పేరేంది?"

"జగన్."

"ఇన్ని బొమ్మలున్నయి గద జగనన్నా, పేర్లు ఒక్కటి లేవు. పెండ్లాం పేరు లేదు, అమ్మ పేరు లేదు."

"పేర్లు ఉన్నయి. నీకు చదువ రాదు, అంతే. ఈ పాము ఆరాంఘర్ కాడ పాత ఇనుము దుకాణపోడు. ఈ మొసలి చెరువుల దొరికినోడు. దొరికిండంటే, సగమే దొరికిండు."

"ఏం మాటలన్నా! నవ్వు వస్తున్నది, చేయి అదురుతది."

"నవ్వు, నవ్వు. ఈ నాగలి ఎవరిదో అడగవేంది?"

"ఎవరిది?"

"మామిడిపల్లి మొగులయ్య. ఏర్‌పోర్ట్ వచ్చినంక అందరు భూములు అమ్ముకున్నరు, ఆ ముసలోడు అమ్మనన్నడు. గడ్డపార తోటి కొట్టిన. మొదటి దెబ్బకు కూడ అమ్మననే అన్నడు. రెండో దెబ్బకు నోరు లేదు. నవ్వుడు ఆపినవేంది చెల్లె?"

"షట్టర్ ఎందుకు దించుతున్నవ్?"

"ఎండ కొడ్తున్నది."

"షట్టర్ లేపు. నాకు ఊపిరాడది."

"నీ తమ్ముడు శ్రావణ్‌కుమార్ ఆ దినం ఆటోల పోతున్నడు. నన్ను చూసిండు. కారుల కూసున్న మా సేటును చూసిండు. నన్నంటే పట్టుకునేటోడు లేడు. సేటు దొరికిండు. రేపు పొద్దుగాల కోర్టుల శ్రావణ్ నోరు తెరిస్తే సేటు మళ్ల బయటికి రాడు."

"నాకు తెల్వది. తమ్ముడు ఏడున్నడో నాకు తెల్వదు. మా అమ్మ మీద ఒట్టు."

"నేనింక అడగనే లేదు గద! చేయి ఇటియ్యి. అది గాదు, ఎడమ చేయి. కుడి చేయి జాగ్రత్త, దాని తోటి నాకు పులి ఎయ్యాలె నువ్వు."

"అన్నా, వద్దన్నా! అన్నా, నీ కాళ్లు మొక్కుత!"

"ఇది చిటికెన వేలు. దీంతోటి ఎక్కువ పనుండది."

"అమ్మా!"

"చూసినవా? ఈ కుర్చీల ఏడ్వనోడు లేడన్నవ్, కరెక్టే. గుడ్డ కట్టుకో. బయట లారీలు పోతున్నయి, ఎంత మొత్తుకున్నా ఎవరికి వినపడది. ఇగ నేను చెప్పేది విను. నీ తమ్మున్ని నేను ముట్ట."

"మరి ఎందుకొచ్చినవ్?"

"నేను ముడ్తే పోలీసులు సీదా సేటు దగ్గరికి పోతరు. అందుకే బయట నుంచి నలుగురిని పిలిచినం. వాళ్లెవరో నాకు తెల్వది, నేనెవరో వాళ్లకు తెల్వది. ఫోన్ల మాట తప్ప మొఖాలు చూసుకోలే. ఫోటో పంపుత అంటే వద్దన్నరు. నిరుడు ఒకని ఫోన్ల ఫోటో దొరికి ఇద్దరు లోపలికి పోయిన్రట. వాళ్లకు రెండే కావాలె. ఏడ కూసుంటడు, ఒంటి మీద గుర్తేంది."

"గుర్తా?"

"మీసం చెప్తే తీసేస్తడు. అంగి చెప్తే మార్చుకుంటడు. బొమ్మ మార్చుకోలేడు. టాటూలేసే అక్క ఉన్నోనికి ఒంటి మీద ఒక్క బొమ్మ లేకుంట ఉంటదా? ఏం బొమ్మ? ఏడుంది?"

"నేను చెప్ప. చంపు. నన్నే చంపు."

"నిన్ను చంపితే టచప్ ఎవరు చేస్తరు? నెల దినాలకు మళ్ల రావాలె గద నేను. చెప్పు సంతోషి. నాకు టైం లేదు. గాడ పని అయినంక అటే ఏర్‌పోర్ట్, రాత్రికి బొంబాయిల ఉండాలె."

"గాడ నీకేం పని? నువ్వు ముట్ట అన్నవ్ గద."

"ముట్ట. చూస్త. చూడకుంట బొమ్మ ఏయించుకోను, అది నా లెక్క. ఎప్పుడైనా మొదలు చూస్త, తర్వాత బొమ్మ. ఈసారొక్కటి ఉల్టా అయింది. జనంల ఒకని లెక్క పోయి కూసుంట, కండ్లతోటి చూస్త, లేసి పోత. ఇది ఏ వేలు? ఉంగరం వేలా?"

"ఆగు!"

"ఉంగరం లేదేంది? పెండ్లి కాలేదా?"

"ఆగన్నా! చెప్త! చెప్త, ఆగు!"

"ఆగిన."

"నీళ్లియ్యి."

"తాగు. మెల్లగ."

"అమ్మను ముట్టరు గద?"

"ముసలామె తోటి మాకేం పని?"

"మామిడిపల్లి కల్లు కంపౌండ్. పొద్దు గూకేముందు వస్తడు. కంపౌండ్ నడిపే ముత్తయ్య మా చిన్నాయన దోస్తు, ఆయన ఇంట్లనే దాస్కున్నడు. వెనక వేపచెట్టు కింద, గోడ దిక్కు మొఖం పెట్టి ఒక్కడే కూసుంటడు."

"గోడ దిక్కా? ఎందుకు?"

"దాస్కున్నోడు రోడ్డు దిక్కు మొఖం పెడ్తడా?"

"అదీ నిజమే. బొమ్మ?"

"తేలు."

"ఏడ?"

"మెడ వెనక."

"నాకు ఏస్తవన్న జాగలనే?"

"కుర్మయ్యన్న పులిని చూసినంక అందరికి అదే పిచ్చి లేచింది. నీకు లేవలేదా? అట్లనే మా వానికి లేచింది."

"తేళ్లు శానా మందికి ఉంటయి."

"ఈ తేలు వేరే. తల కిందికుంటది, కొండి పైకి వెంట్రుకల దాక పోతది. కొండి కొనకు మూడు చుక్కలు. మా అమ్మ కొండమ్మ ఊర్ల పచ్చబొట్లు పొడిచేటిది. ఆమె ఎవరికి పొడిచినా కడకు మూడు చుక్కలు పెట్టేది. ఇగో, నా మణికట్టు మీద చూడు. తేలు కొండికి ఆ చుక్కలు నేను మా వానికొక్కనికే పెట్టిన."

"ఏడుస్తున్నవా?"

"మరి నవ్వమంటవా?"

"ఏడ్వు. కానీ చేయి అదరొద్దు. ఇగ పులి మొదలువెట్టు."

"ఇప్పుడా? నా వేలు చూడు, ఎట్ల ఉబ్బిందో. చర్మం ఎట్ల పట్టుకోవాలె?"

"మిగిలిన నాలుగు తోటి పట్టుకో. మంచిగ రాకుంటే వాటి సంగతి చూస్త."

"తల వంచు. ఇంక వంచు. కదిలితే గీత పోతది."

"హలో. ఆ, నేనే. రాసుకోకు, యాదికుంచుకో. మామిడిపల్లి కల్లు కంపౌండ్. వెనక వేపచెట్టు. మెడ వెనక తేలు, తల కిందికి, కొండి పైకి, కొండి మీద మూడు చుక్కలు. మొఖంతోటి పని లేదు, ఎట్లుంటడో అడగకు. వెనక నుంచే పోండ్రి. ఆ. ఆ, అరిచినా ఆపొద్దు. బంద్ వెట్టు ఇగ."

"ఏమన్నరు?"

"ఫోన్లు బంద్ పెట్టిన్రు. పని అయినంకనే తెరుస్తరు. ఇగ దేవుడొచ్చినా ఆగదు. నేను వద్దన్నా ఆగదు. నీకు మనసు మారి పోలీసులకు చెప్పినా, వాళ్లు మామిడిపల్లి దారి అడిగే లోపల అయిపోతది."

"నాకు మనసు మారదు. కదలకు."

"ఆ! జర మెల్లగ!"

"ఎముక మీద పోతున్న. మెడ వెనక నొప్పుంటదని కుర్మయ్యన్న చెప్పలే?"

"నిద్రపోయిన అన్నడు, దొంగ నాకొడుకు. చెల్లె, గీత పైకి పోతున్నదేంది? వెంట్రుకల దాక?"

"పులికి చెవులుండొద్దా?"

"ఉండాలె, ఉండాలె. నీకొక మాట చెప్పాల్నా? ఈ సూది చప్పుడు వింటే నాకు పానం నిమ్మలమైతది. జైల్ల ఉన్నప్పుడు ఇదే యాదికొచ్చేది. బొమ్మల పిచ్చి ఉన్నోళ్లకే తెలుస్తది ఇది. నీకు తెలుస్తది."

"తెలుసు."

"మనం వేరే తీర్గ కలిసేది ఉండె."

"తల వంచు."

"ఇప్పుడు పొడిచి పొడిచి ఆపుతున్నవ్, ఏందది?"

"పులి మీసాల మొదట్ల చుక్కలుంటయి. అయిపోయింది. తుడుస్తున్న, మండుతది."

"చూపెట్టు."

"అద్దంల వెనక కనపడదు. నీ ఫోన్ ఇయ్యి, ఫోటో తీస్త."

"నా ఫోన్ల ఒక్క ఫోటో ఉండొద్దు. నీ ఫోన్ల తియ్యి. చూసి తీసేద్దాం."

"ఆగు, కదిలితే మసకొస్తది. ఇగో, చూడు."

"ఆహా! ఆహాహా! కండ్లు చూడు, నన్నే చూస్తున్నట్టుంది. కుర్మయ్య పులి దీని ముందు పిల్లి! కానీ చెల్లె, నా మెడ గింత నల్లగ ఉందా?"

"ఎండల తిరిగెటోనికి తెల్లగుంటదా?"

"గింత లావు?"

"తల వంచితే మడత పడ్తది."

"హహ! సరే. ఫోటో తీసేసినవా? ఫోన్ ఇటియ్యి. ఇది నా దగ్గరుంటది, మామిడిపల్లి దారిల ఏదన్న బావిల పడ్తది. షట్టర్‌కు బయట నుంచి తాళమేస్త. రేపు ఎవరన్న తెరుస్తరు. నేను నెలకు వస్త."

"అన్నా."

"ఏంది?"

"అంగి కాలర్ దానికి తగలనియ్యకు. లోపలికి మడుచుకో. రుమాలు గిట్ల కప్పకు. గాలి తగలాలె, లేకుంటే చీము పడ్తది."

"తమ్ముడు పోతున్నా పని మీద పానం పెట్టినవ్. నువ్వు అసలైన దానివి సంతోషి."

"కల్లు కంపౌండ్ల దుమ్ముంటది. ముందట దుమ్ము లేస్తది. వెనక వేపచెట్టు దిక్కు కూసో, గోడకు మొఖం పెట్టి."

"నీ తమ్ముని పక్కనే అన్నట్టు. మంచిగ కనపడ్తది. ఉంట చెల్లె."

...

"హలో? ఎవరు?"

"శ్రావణ్, నేనురా."

"అక్కా! ఎవరిదీ నంబర్?"

"పక్క మందుల దుకాణం స్వర్ణలతది. షట్టర్ బాదుతుంటే విని తాళం పలగొట్టిచ్చింది. ఏడున్నవ్?"

"ఏడుంట? నువ్వు చెప్పిన కాడనే, సాతంరాయిల, సక్కుబాయి అత్త ఇంట్ల. గొంతు అట్లుందేంది? ఏడ్చినవా?"

"వేలు విరిగింది. అది తర్వాత. రేపు కోర్టుకు పోయేదాక గడప దాటకు. మామిడిపల్లి దిక్కు అసలే పోకు."

"నేనెందుకు పోత మామిడిపల్లికి? ఏమైందక్కా? ఎవరన్న వచ్చిన్రా?"

"మొగులయ్య తాతను కొట్టినోడు వచ్చిండు. నిన్ను చంపెటోళ్లకు నీ గుర్తు చెప్పుమన్నడు. కల్లు కంపౌండ్ల ఉంటవని చెప్పిన. మెడ వెనక తేలు ఉంటదని చెప్పిన. వాళ్లు బయలెల్లిన్రు."

"మెడ వెనక తేలా? నాకా? అక్కా, నీకు మతి పోయిందా, నాకు సూదంటెనే భయం! నువ్వు ఎన్నిసార్లు బతిమాలినా ఒక్క చుక్క పొడిపిచ్చుకోలే నేను! నా మెడ మీద తేలేడుంది?"

"నీకు లేదురా. వానికుంది."