రంగు కరిగాక

మధ్యాహ్నం. అక్క నడిపే బ్యూటీపార్లర్‌లో, టీవీలో వార్తలు చదివే చెల్లెలు కుర్చీలో వెనక్కి వాలింది.

"నుదురు చూస్తే జిడ్డు, బుగ్గలేమో పొట్టు లేస్తున్నాయి. సబ్బుతో తోమేస్తున్నావా?" అంటూ అక్క మేకప్ తీసే నూనె అరచేతిలో పోసుకుంది.

"మేకప్ వదలట్లేదక్కా. అయినా జిడ్డు మొహానికి మళ్ళీ నూనేంటి?"

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలే పిచ్చిదానా. నూనె రాసి రుద్ది, నీళ్ళతో కడిగేస్తే రంగంతా పోతుంది."

"బుగ్గ దగ్గర వద్దక్కా."

"కదలకు... ఈ తెల్లమచ్చ ఎప్పట్నుంచే?"

"ఆర్నెల్లయింది. ప్రమాదం లేదన్నాడు డాక్టరు. నీకు చెబితే ఏడుస్తావని..."

"ఏడవట్లేదు. ఆఫీసులో తెలుసా?"

"ఎవరికీ తెలీదు."

"సాయంత్రం వార్తలున్నాయిగా. మళ్ళీ కప్పెయ్యనా?"

చెల్లెలు అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"వద్దు. పెదాలకి రంగెయ్ చాలు. మచ్చని అలాగే ఉండనీ."