కుందేలు తోక

ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, ఇటుక గోడకు పాకించిన పీచ్ చెట్టు దగ్గర ఆడపడుచు పండు కొరకబోతూ ఆగింది.

"ఈ ఏడూ ఇంత కాపా వదినా! పూతను నువ్వే చూసుకున్నావా?"

"నేనెక్కడ! మార్చి చలికి తేనెటీగలు రావని, కుందేలు తోకతో పువ్వు పువ్వునీ నిమిరి కాయ పట్టించేది మీ అన్నయ్యేగా. క్రిస్మస్‌కి ఆయన పోయాక నేనీ గోడ వైపే రాలేదు."

"మరెవరు నిమిరారు? పక్కింటి ఆగ్నెసా?"

"తోటకి తాళం. తాళంచెవి నా మెడలోనే ఉంది."

"ఆ తోక ఏదీ, ఓసారి చూపించు."

"ఇంకెక్కడి తోక? శవపేటిక మూసే ముందు ఆయన చేతిలో పెట్టేశాను."

ఆడపడుచు పండును మెల్లగా గోడ మీద పెట్టేసింది. వదిన మాత్రం, మోచేతి దాకా రసం కారుతుంటే, ఇంకోటి కోసుకుంది.

"తినవే. పాపం, అంత దూరం నుంచి వచ్చి చేసి వెళ్ళారు."