బాబాయ్ తలలో ఉన్న డ్రాయింగ్

"డ్రాయింగ్ ఎందుకమ్మా డ్రాయింగు, నేనుండగా," అన్నాడు బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

మా కాగితం మిల్లు గేటు ఎదురుగానే అక్క టీ కొట్టు. బాబాయ్ మా ఎలక్ట్రీషియన్, ముప్పై ఏళ్ల సర్వీసు. ఎవరికి బాబాయో తెలీదు గానీ, మేనేజరు కూడా బాబాయ్ అనే పిలుస్తాడు. ఆయనకి ఎదురుగా కొత్త ఇంజనీరమ్మ కూర్చుంది, పక్కన నేను. నేను ఫిట్టర్ని.

మా మెషిన్‌లో రోలర్ల మధ్య కాగితం తెగినప్పుడల్లా తలుపు తీసి, తెగిన కొస చేత్తో రోలర్లకి అందించాలి. అది నా పని. తలుపు తీస్తే, దానికున్న స్విచ్చి వల్ల రోలర్లు వాటంతట అవే ఆగిపోవాలి. రోజూ ముందు బటన్ నొక్కి ఆపడం అలవాటు కాబట్టి ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు. పోయిన వారం నేను బటన్ మర్చిపోయి తలుపు తీశాను. రోలర్లు ఆగలేదు. చొక్కా చెయ్యి లాగేసుకున్నాయి, చొక్కా చిరిగింది కాబట్టి చెయ్యి దక్కింది. ఎందుకు ఆగలేదో తెలుసుకుందామని ఇంజనీరమ్మ నాలుగు రోజులుగా మెషిన్ కరెంటు ప్యానెల్ ముందు నిలబడి ఉంది. ఏ వైరు ఎటు పోతుందో చూపే డ్రాయింగ్ లేదు. ఆపి ఉంచిన మెషిన్ రేపు పొద్దున ఎనిమిదికి నడిచి తీరాలన్నాడు మేనేజరు.

ఆమె బాబాయ్‌ని అడిగింది ఆ డ్రాయింగ్ గురించే. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు చేరకముందు సంగతమ్మా. ఒకసారి మెషిన్ ఆగిపోయింది. డ్రాయింగ్ పుస్తకం తీద్దామంటే పైకప్పు కారి, తడిసి, అట్టముక్కలా అతుక్కుపోయింది. అందరూ తలలు పట్టుకు కూర్చున్నారు. నేను ప్యానెల్ తీసి, అటూ ఇటూ చూసి, ఫ్యూజు మార్చాను. పది నిమిషాలు. ఇందులో గొప్పేముంది, ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుస్తకం ఎలాగూ పోయింది కదా, ఆ తొమ్మిది వందల వైర్లూ నేనే కంఠతా పట్టేశాను. కళ్లకి గంతలు కట్టుకుని వైరు మీద వేలు పెడితే చాలు, ఇది పంపుకి పోతుంది, ఇది ఫ్యానుకి పోతుంది అని చెప్పేసేవాణ్ణి."

"కరెంటు ఉండగానా?" అంది అక్క.

"లేకపోతే ఏం తెలుస్తుంది? మొదట్లో షాకు కొట్టేది. తర్వాత అలవాటైపోయింది. నాక్కాదు, కరెంటుకి."

అక్క పాలగిన్నె వైపు తిరిగి నవ్వుకుంది. బాబాయ్ పట్టించుకోలేదు.

"అది సరే, ఈ మెషిన్ చేసిన కంపెనీ సముద్రం అవతల ఉంది కదా, వాళ్ల దగ్గరే ఒక మెషిన్ ఆగిపోయింది. వాళ్ల పుస్తకమూ పోయింది. నాకు ఫోన్ చేశారు. ఫోన్ ప్యానెల్‌కి ఆనించమన్నాను. టిక్కు టిక్కుమని వినపడుతోంది. పై వరసలో ఎడమ నుంచి మూడోది, స్క్రూ సగం చుట్టు వదులైంది, బిగించండి అన్నాను. బిగించారు, నడిచింది."

"ఏ భాషలో చెప్పావు బాబాయ్?" అన్నాను.

"స్క్రూకి భాషేంట్రా. మరి వాళ్లు ఊరుకుంటారా? విమానంలో పన్నెండు మంది దిగారు. మీకు తెలిసిందంతా చెప్పండి, రాసుకుంటాం అన్నారు. నేను చెప్తున్నాను, వాళ్లు రాస్తున్నారు, మూడు రోజులకి కాగితం అయిపోయింది. కాగితం మిల్లులో కాగితం అయిపోవడం ఎక్కడైనా విన్నావా? ఇక లాభం లేదని ఆసుపత్రికి తీసుకెళ్లి నా తలకి ఎక్స్‌రే తీయించారు. వైర్లన్నీ వరసగా పడ్డాయి, రంగులతో సహా. ఇప్పుడు వాళ్లు కొత్త మెషిన్‌తో ఇచ్చేది పుస్తకం కాదమ్మా, నా ఎక్స్‌రే."

అందరం నవ్వాం. ఇంజనీరమ్మ నవ్వలేదు. "మరి ఈ తలుపు స్విచ్చి సంగతేంటి బాబాయ్ గారూ?" అంది.

"ఆ స్విచ్చా? దాని రోగం నేను పదకొండేళ్ల కిందటే కుదిర్చాను. తలుపు మూసి ఉన్నా తెరిచి ఉందనుకుని మాటిమాటికీ మెషిన్ ఆపేసేది. బయట లారీలు చూస్తే కనుచూపు మేర నిలబడ్డాయి. జానెడు వైరు ముక్క తీసుకుని, స్విచ్చిని తప్పించి ఇక్కడి నుంచి అక్కడికి వేశాను. అంతే. రోలర్లు తిరిగాయి చూడు, ఆ గాలికి మేనేజరు ఫైళ్లు వీధిలోకి ఎగిరిపోయాయి. ఆ రోజు తీసిన కాగితం ఊరి చుట్టూ ఏడుసార్లు తిప్పినా ఇంకా మిగిలింది. మళ్లీ ఈ రోజు వరకూ ఆగిందేమో చెప్పు. తలుపు తెరిచినా ఆగదు."

ఆ చివరి మాట అనేశాక ఆయనకే వినపడినట్టుంది. గ్లాసు అందుకున్నాడు, అందులో టీ లేదు.

ఇంజనీరమ్మ నోటుబుక్కు తీసింది. "ఎక్కడి నుంచి ఎక్కడికి వేశారు?"

"అది... లోపల వరసలో, కొంచెం ఎడమగా..." బాబాయ్ గాల్లో వేలితో గీత గీశాడు. "చూస్తే గుర్తొస్తుందమ్మా."

"ఎక్కడైనా రాసిపెట్టారా?"

"నేనుండగా రాయడం ఎందుకని ఊరుకున్నాను. కంగారేం లేదు, రేపు మెషిన్ నడవనీ. నడుస్తుండగానే చూసి తీసేస్తాను."

నాకు ఒళ్లు మండింది. ఆయన మంచివాడే, నాకు పని నేర్పినవాడే. అయినా మండింది.

"సరే బాబాయ్," అన్నాను. "రేపు కాగితం తెగితే కొస నువ్వే అందించు. తలుపు నేను పట్టుకుంటాను."

అక్క స్టవ్ తగ్గించింది. బాబాయ్ బల్ల మీదున్న కుడి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎక్కడ వేశానో గుర్తులేదురా," అన్నాడు. ఆయన అంత చిన్న మాట అనడం నేను అంతకుముందు వినలేదు. లేచి నిలబడ్డాడు. "పదమ్మా. రేపు నడపొద్దని మేనేజరుకి నేనే చెప్తాను."