గంట కొట్టింది నేనే

హలో… ఆ, నేనే బావగారూ. మీ లాండ్రీ మేనేజర్నే. గంట కొట్టింది కూడా నేనే.

…అవును, మిషన్లన్నీ ఆగాయి.

…యూనియనా? ఇంకెక్కడి యూనియన్ బావగారూ! బాయిలర్ బాబాయి రిటైరయ్యాక, యూనియన్ గదిలో సబ్బు డబ్బాలు పెట్టించింది మీరే కదా! ఇదివరకు ఎవరికైనా దెబ్బ తగిలితే ఆయన గంట కొట్టేవాడు. మీరు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు కొట్టే దిక్కులేదు. అందుకే నేను కొట్టాను.

…మేనేజరు కొట్టకూడదా? ఎవరన్నారు?

…అమ్మయ్య, దెబ్బ ఎవరికని ఇప్పటికి అడిగారు! ఇస్త్రీ వదినకి. ఇస్త్రీ మిషన్‌లో పడి చెయ్యి కాలింది… మణికట్టు దాకా. ఆస్పత్రికి పంపించాను. మన వ్యాన్‌లోనే, దుప్పట్లు దింపేసి.

…హోటల్ వాళ్ళ దుప్పట్లు రేపు వెళ్తాయి. కొంపేం మునిగిపోదు.

…అజాగ్రత్తా? ఎవరిది, ఆవిడదా? చూడండి, నా నోరు తెరిపించకండి! చెయ్యి అడ్డొస్తే మిషన్ ఆగాలని ఒక కడ్డీ ఉంటుంది కదా… దాన్ని వైరుతో కట్టించింది ఎవరు? మాటిమాటికీ ఆగిపోతోంది, పని సాగట్లేదని గోల చేసింది ఎవరు?

…అరవకండి. వినపడుతోంది.

…పనిలోంచి తీసెయ్యాలా? చెయ్యి కాల్చుకున్నందుకా? నా వల్ల కాదు. చెయ్యి మానేదాకా జీతంతో సెలవిస్తానని మాటిచ్చాను.

…అయితే నన్నూ తీసెయ్యండి.

…అక్కకి చెప్తారా? నిక్షేపంగా చెప్పండి! ముందు ఆ వైరు సంగతి చెప్పండి. అన్నం పెడుతుందేమో చూద్దాం.

…మీ మనిషినే, కాదన్నానా? మరి వీళ్ళకెవరున్నారు? అడిగేవాడు లేడు కదా అని నెత్తికెక్కి కూర్చుంటామా? నాకు సిగ్గేస్తోంది బావగారూ. మీకూ వెయ్యాలి!

…లేదు. ఆ మాట నేను చెప్పను. మీరే చెప్పండి. అందరూ ఇక్కడే ఉన్నారు. ఇస్త్రీ వదిన కూతురు కూడా వచ్చింది. ఇదిగో, స్పీకర్ పెట్టాను… ఫోన్ బల్ల మీద పెడుతున్నాను. అమ్మా, నువ్వు దగ్గరికి రా. ఆ, ఇప్పుడనండి. మీ అమ్మని తీసేస్తున్నానని ఈ పిల్లతో అనండి.

…

హలో?… బావగారూ?…

పెట్టేశారు.

ఏమిటలా చూస్తారు? ఆ కటింగ్ ప్లేయర్ ఇలా ఇవ్వండి. ముందు ఆ వైరు తెంపుదాం.