తల్లిరొయ్య

బందరు దగ్గర వాళ్ల రొయ్యల హేచరీలో, భర్త తల్లిరొయ్యను పట్టుకుని ఒక కంటిని పటకారుతో నులిమేయడం చూసి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

“ఛీ! అదేం పనండీ?”

“గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోను కంటికాడలోనే ఉంటుంది. అది పోతే తొందరగా పెడుతుంది.”

“మామూలుగా పెట్టదా?”

“పెడుతుంది. అప్పటిదాకా ఎవరు ఆగుతారు?”

“పాపం, నొప్పి పుట్టదూ?”

“రొయ్యకేం నొప్పే! సరేగానీ, రేపు బెజవాడ వెళ్లాలి. నీకు మళ్లీ అండాలు పెరిగే ఇంజెక్షన్లు మొదలుపెట్టమని డాక్టరమ్మతో చెప్పేశాను.”

“నన్నడక్కుండానా? పోయినసారి పొట్ట ఉబ్బిపోయి మంచం దిగలేకపోయాను.”

“ఆ మాత్రం ఓర్చుకోకపోతే పిల్లలెలా పుడతారు?”

బుజ్జగిస్తూ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. వేళ్లకంటిన రొయ్య కంటి జిగురు ఇంకా ఆరలేదు. ఆమె వెనక్కి జరిగింది.

“ముట్టుకోకండి. నేను రాను.”