పోశాలు పేజీకి నల్ల గీత

జనగామ, 1970. బడి వార్షిక నివేదిక అచ్చుకెక్కే రోజు. ప్రెస్సులో అక్షరాలు పేర్చే ముత్తయ్య ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ పూట మాత్రం సుమిత్ర పంతులమ్మ మాట ఒక్కటీ సాగనివ్వలేదు.

“గట్ల కుదరదు పంతులమ్మా. పుస్తకమంత ఒక్కటే తీరుండాలె. పూల బార్డరన్నరు, అన్ని పేజీలకు పూల బార్డరే పెట్టిన.”

“అన్నిటికి ఉండనియ్యి ముత్తన్నా, నేనొద్దంటున్ననా? ఒక్క పోశాలు పేజీకే నల్ల గీత పెట్టమంటున్న.”

“ఒక్కదానికి మారిస్తె చూసేటోళ్లు నవ్వుతరు. ఆటల పోటీలకు పూలు, నాటకాలకు పూలు, నడుమ గిదొక్కటి నల్లగ ఏంది? ప్రెస్సోడు తాగి పని చేసిండంటరు.”

“ఎవ్వరు నవ్వరు. అది చచ్చిపోయిన పిలగాని పేజీ అని బడిల అందరికి తెలుసు.”

“ఇగో, ఈ పూలచ్చులు చూడుండ్రి, కొత్తయి. మంచిగ పడ్తయి.”

“ముత్తన్నా, నేనడిగింది పూలు కాదు.”

“నల్ల గీత మా తాన లేదు.”

“మొన్న కిరాణం సేటు తల్లి దినాల కార్డుకు పెట్టినవు గద! నా కండ్లతోని చూసిన.”

“అదా... అది ఇరిగింది.”

“ముత్తన్నా...”

“ఇరిగిందంటున్న గదా!”

“అరవకన్నా. నీ కొడుకు పేజీ. నీ చేతులతోని పెట్టుడు ఎంత కష్టమో నాకు తెల్వదా? నీతోని కానే కాదంటె వేరేటోళ్లతోని పెట్టియ్యమని మీ ప్రెస్సు సేటుకు చెప్త.”

“వద్దు. వాని పేజీ ఎవ్వరు ముట్టద్దు.”

“మరి నువ్వే పెట్టు.”

“జర కూసోండ్రి పంతులమ్మా. ఒకటి చెప్త, కోపం చెయ్యద్దు. పోయినేడు ఊరేగింపుల పోరనికి పోలీసోళ్ల తూటా తగిలిందంటె, పట్నం నేనొక్కన్నే పోయిన. పీనుగను ఇయ్యలే. ముఖం చూపిచ్చి పొమ్మన్నరు. ఇంటికొస్తె మా ఇంటామె సమ్మక్క గడపల నిలబడి, ‘ఏడీ పోరడు?’ అన్నది. నాకు నోరు రాలే. జైలుల ఉన్నడన్న.”

“ఊఁ.”

“ఇప్పటికి గదే మాట. తిన్నడా, బక్కగైండా అని అడుగుతనే ఉంటది. మంచిగున్నడని చెప్త. వానికి ఇష్టమని సకినాలు చేసి మూట కట్టిస్తది. పట్నం బస్సెక్కి, నడుమ దిగి, ఎవలన్న పిలగాండ్లకు పెట్టొస్త. నా బతుకు గిట్లయింది పంతులమ్మా.”

“ఎన్నొద్దులు దాస్తవన్నా?”

“దాసినన్నొద్దులు. ఆమెకు అచ్చరం ముక్క రాదు. పుస్తకం చేతిల పెడితె ఫోటో చూస్తది. చుట్టు పూలుంటె, నా కొడుక్కు బడిల పేరొచ్చిందని మురుస్తది. నల్ల గీతుంటె? సదువు రానోళ్లకు సుత అది సమజైతది గద! మీ కాళ్లు మొక్కుత, పుస్తకమంత ఒక్క తీరుగనే ఉండనియ్యుండ్రి.”

“నన్నేం చెయ్యమంటవన్నా? చెప్పనని నేను మాటిచ్చిన.”

“ఎవలకు?”

“నల్ల గీత నాకు తోచింది కాదు. నిన్న సమ్మక్క బడికొచ్చింది.”

“బడికా? ఎందుకొచ్చింది?”

“ఊరంత తెలిసిన ముచ్చట ఆమెకు తెల్వకుంటదా? నువ్వు పట్నం నుంచి ఒచ్చిన వారంలనే తెలిసిందట.”

“లేదు... లేదు. తెలిస్తె మరి సకినాలెందుకు చేస్తది పంతులమ్మా? మొన్న సుత చేసింది!”

“నేను గదే అడిగిన. ‘బాగున్నడని నాకు చెప్పినంకనే ఆయన ఇంత బువ్వ తింటుండు, గందుకే అడుగుత, గందుకే చేస్త’ అన్నది. ‘ఏడాది సంది నాకోసం ఏడుపు మింగుకుంట తిరుగుతుండు. నా కొడుకు ఫోటో చుట్టు నల్ల గీత ఆయన చేతులతోనే పెట్టియ్యి పంతులమ్మా. పెట్టినంక జల్ది ఇంటికి పంపు, ఇద్దరం కల్సి ఏడుస్తం’ అన్నది.”